వంకాయరంగు సంచి

విజయవాడ సూర్యారావుపేటలో డాక్టర్ల బోర్డులకీ మందుల షాపులకీ మధ్య ఖాళీ గోడ దొరకడం కష్టం. అక్కణ్ణించే సిస్టర్‌గారితో బయల్దేరాను. ఏళ్ల తరబడి మూత్రం పైపుతో బతుకుతున్నవాళ్ల ఇళ్లకి వెళ్లి పైపు మార్చడం ఆవిడ పని. బందరు రోడ్డు మీద కంకిపాడు, ఉయ్యూరు దాటాక కాలవగట్టు పట్టుకున్నాం.

మొదటి ఇల్లు ఓ రైతుది. కొబ్బరిచెట్టు మీంచి పడి వెన్ను దెబ్బతింది. మమ్మల్ని చూడగానే ఆయన భార్య మంచం పక్కనున్న మూత్రం సంచి చూపించింది. అచ్చం వంకాయ రంగు. "కిడ్నీలు పోయాయేమోనండీ" అంది.

సిస్టర్ కిడ్నీల ఊసెత్తలేదు. "అన్నయ్యా, దొడ్డికెళ్లి ఎన్నాళ్లయింది?"

"నాలుగు రోజులు."

మలబద్ధకంలో పేగుల్లోని బ్యాక్టీరియా ఆహారంలోని ట్రిప్టోఫాన్‌ని ఇండోల్‌గా మారుస్తుంది. కాలేయం దాటి మూత్రంలోకి వచ్చిన దాని అవశేషాన్ని పైపులో కాపురముండే మరో రకం బ్యాక్టీరియా నీలం, ఎరుపు రంగులుగా విడగొడుతుంది. రెండూ కలిస్తే ఈ ఊదా. రంగు భయపెట్టేదే కానీ, జ్వరం, చలి లేకపోతే ముందు చూడాల్సింది పొట్ట సంగతి. గట్టిపడిన మలం పైపుని నొక్కి మూత్రం పక్కనుంచి కారేలా కూడా చేస్తుంది.

కిటికీ గూట్లో ప్రొటీన్ పౌడరు డబ్బా, క్రాన్‌బెర్రీ పొట్లాలు, విటమిన్ సి మాత్రలు. కంచంలో తెల్లన్నం, పచ్చడి. వరి తర్వాత మినుము, పెసర పండే నేల ఇది. దారి పొడవునా చేపల చెరువులే. నాకు ఆ డబ్బా మీద కన్నా ఆ కంచం మీద కోపమొచ్చింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు ప్రొటీన్ పౌడర్లు వద్దన్నాయి. మంచంలో పుండు పడితే మాంసకృత్తులు ఎక్కువే కావాలి, నిజమే. గుడ్డు, పప్పు, చేప ఉన్నాయి కదా. క్రాన్‌బెర్రీ కొందరు ఆడవాళ్లకి, పిల్లలకి పనికొస్తుందని 2023 కొక్రేన్ సమీక్ష తేల్చింది. నరాలు దెబ్బతిని మూత్రాశయం పట్టు తప్పినవాళ్లలో మాత్రం లాభం కనిపించలేదు. విటమిన్ సి మోతాదు మించితే కొంత ఆక్సలేట్‌గా మారి రాళ్లకి దారితీస్తుంది.

పాత పైపు తీసి, కొసని గ్లవ్స్ వేళ్లతో నలిపింది సిస్టర్. గరగరలాడింది. ప్రోటియస్ అనే బ్యాక్టీరియా యూరియాని విరగ్గొట్టి అమోనియా చేస్తుంది; మూత్రం క్షారమై కాల్షియం, మెగ్నీషియం ఫాస్ఫేట్లు పైపు లోపల సున్నంలా పేరుకుంటాయి. మూత్రం పల్చబడితే, అందులో సిట్రేట్ పెరిగితే ఇది నెమ్మదిస్తుంది. నీళ్లు, నిమ్మరసం బాగా తాగినవాళ్ల మూత్రంతో బ్రిటన్‌లోని కార్డిఫ్ పరిశోధకులు ల్యాబులో దీన్ని చూపారు.

"నీళ్లెన్ని తాగుతావన్నయ్యా?"

ఆయన గోడ వైపు తిరిగాడు. "సంచి నిండితే ఎత్తిపోసేది ఇదే గదమ్మా. పొలం పనికెళ్లొచ్చి మళ్లీ ఈ చాకిరీ. అందుకే గొంతు తడుపుకుంటానంతే."

భార్యకి ఈ సంగతి ఇప్పుడే తెలిసినట్టుంది. "నేనెప్పుడన్నా విసుక్కున్నానా?" అని గట్టిగానే అడిగింది.

సిస్టర్ మధ్యలో దూరకుండా కొత్త పైపు అమర్చి, దాని కొసనున్న బెలూన్‌లోకి 10 మిల్లీలీటర్ల నీళ్లెక్కించి, లెక్క చెప్పింది: రోజుకి రెండు లీటర్ల దాకా, గంట గంటకీ గ్లాసుడు. పూటకి ఓసారి నిమ్మరసం, ఉప్పెయ్యకుండా. తోటకూర, బీరకాయ, అరటిపండు. చిక్కటి పెరుగు బదులు పల్చటి మజ్జిగ. సంచిని మంచం కంటే కిందనే వేలాడదీయాలి, ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు సబ్బుతో కడగాలి.

"ఆవకాయో?" ఆయన అడిగాడు.

"ముక్క నాకి వదిలెయ్."

రెండో ఇంట్లో పెద్దావిడకి కాళ్లు వాచి ఉన్నాయి, గుండె బలహీనం. మొదటి ఇంట్లో విన్న పాఠం అక్కడ అప్పజెప్పబోయాను. సిస్టర్ నా మాటకి అడ్డొచ్చి డాక్టరు చీటీ చూపించింది: అన్నీ కలిపి రోజుకి లీటరు నీళ్లే.