స్పానిష్ కవిత్వంలో ప్రేమ - ప్రవాసం

విరహానికీ ప్రయాణానికీ గల చుట్టరికం చాల పాతది. మేఘునికి దారి చెప్పిన యక్షుణ్ణి ఎరిగిన తెలుగు పాఠకునికి గాని, ‘హిజ్ర్’ అన్న మాటలోని వేదన ఎరిగిన ఉర్దూ పాఠకునికి గాని ఈ సంగతి కొత్త కాదు. ఆంగ్లానువాదాల మూలంగా స్పెయిన్ దేశపు కవులను చదివినప్పుడు ఆ చుట్టరికమే మాకు మరల దర్శనమిచ్చింది.

ఆంతోనియో మచాదో 1875లో సెవిల్ నగరంలో జన్మించాడు. వృత్తిచేత మావలెనే ఉపాధ్యాయుడు. 1907లో సోరియా అనే చిన్న పట్టణంలో ఫ్రెంచి బోధించడానికి చేరి, తాను బస చేసిన ఇంటివారి కుమార్తె లియోనోర్‌ను 1909లో పరిణయమాడాడు. ప్యారిస్ నగరంలో ఉండగా ఆమెకు క్షయ సోకింది. 1912 ఆగస్టులో ఆమె సోరియాలోనే కన్నుమూసింది. ఆయన ఆ ఊరిలో నిలువలేక, దక్షిణాన ఉన్న బయేసాకు బదిలీపై వెళ్లిపోయాడు. శరీరం ఆలివు తోటల నడుమ, మనసు దువేరో నది ఒడ్డున! అక్కడినుండి మిత్రునికి లేఖగా వ్రాసిన ఒక కవితలో, సోరియాకు వసంతం వచ్చిందా అని కుశలమడుగుతాడు; పూలు తీసికొని శ్మశానమున్న గుట్ట ఎక్కమని కోరుతాడు. భార్య పేరెత్తడు, మరణమన్న మాట పలుకడు. చెప్పకుండ చెప్పడమంటే అదే.

1916లో గ్రనాడా విశ్వవిద్యాలయపు ఆచార్యుడొకడు తన విద్యార్థులను వెంటబెట్టుకొని బయేసాకు వచ్చాడు. వారిలో ఫెదెరికో గార్సియా లోర్కా ఒకడు. అట్టి యాత్రల అనుభవాలే 1918లో అచ్చయిన ఆయన తొలి గ్రంథానికి ఆధారమైనవి. విద్యార్థుల విహారయాత్రలను వ్యర్థ వ్యయంగా తలచే పెద్దలు దీనిని గమనింతురు గాక!

లోర్కా తన చివరి కాలంలో ఒక ‘దీవాన్’ రచించాడు. అందులోని ఖండికలకు గజల్ అనీ, కసీదా అనీ పేర్లు. 1492 వరకు ముస్లిం రాజులేలిన గ్రనాడా ప్రాంతమే ఆయన జన్మభూమి. ఆనాటి అరబ్బీ కవుల పద్యాలు 1930లో స్పానిష్ అనువాదంగా వెలువడినవి. లోర్కా రదీఫ్, కాఫియాల నియమం పాటించలేదు. ఆ ఆర్తిని మాత్రం తనదిగా చేసికొన్నాడు. 1936 ఆగస్టులో అంతర్యుద్ధపు తొలి దినాలలోనే ఆయనను కాల్చి చంపారు. దీవాన్ 1940లో గాని వెలుగు చూడలేదు.

లోర్కాకు కవితాశ్రువులర్పించిన మచాదో కూడ 1939లో వృద్ధమాతతో సరిహద్దు దాటి ఫ్రాన్సు చేరాడు. ఫిబ్రవరి 22న కోలియూర్ గ్రామంలో మరణించాడు. మూడు దినాలకు తల్లి కూడ గతించింది. ఆయన కోటు జేబులో సోదరునికి ఒక కాగితం దొరికింది. అందులో బాల్యాన్ని తలచుకొన్న పంక్తి ఒకటి ఉన్నది.

ఇంట ఉర్దూ, తరగతిలో తెలుగు పలికే మమ్ము, “మీ భాష ఏది?” అని కొందరు ప్రశ్నిస్తుంటారు. అరబ్బీ నుండి ఫార్సీకి, ఫార్సీ నుండి ఉర్దూకు, దాశరథి, నారాయణరెడ్డి గార్ల చేతిలో తెలుగుకు నడిచివచ్చిన గజల్‌ను ఆ ప్రశ్న ఎవరడిగారు? విద్యార్థి మిత్రులారా, ఇల్లు విడిచి హాస్టలు గదులలో ఉన్న మీ గుండెలోని బెంగ ఏ భాషలో పలికితే ఆ భాషలోనే వ్రాయండి. రెండింటా పలికితే రెండింటా వ్రాయండి. ఈ సంచికలో రెండు లిపులకూ చోటున్నది.