పందేనికి ఇచ్చిన వీధి

2024 మే 26న మొనాకోలో జరిగిన ఫార్ములా వన్ పోటీలో మొదటి పది స్థానాల నుంచి బయలుదేరినవారు పదిమందీ అదే వరుసలో గమ్యం చేరారు. 1950లో మొదలైన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అలా జరగడం అదే మొదటిసారి. తొలి చుట్టులోనే పెద్ద ప్రమాదం జరిగి పోటీని ఆపేశారు. ఆ విరామంలో దాదాపు అందరూ టైర్లు మార్చుకున్నారు. ఇక మళ్లీ ఆగవలసిన అవసరం లేకపోవడంతో, ముందువాడు నింపాదిగా నడిపినా వెనకవాడు దాటలేని ఊరేగింపుగా మిగతా పోటీ సాగింది. గెలిచిన షార్ల్ లెక్లెర్ ఆ ఊరివాడే కావడంతో మొనాకో పండగ చేసుకుంది. మిగతా ప్రపంచం మాత్రం పాత ప్రశ్నను మళ్లీ అందుకుంది: ఈ ఇరుకు వీధులకు ఆధునిక మోటారు పందెంలో ఇంకా చోటుందా?

మరుసటి ఏడాది నిర్వాహకులు ఒక విరుగుడు ప్రయోగించారు. మొనాకోలో ప్రతి డ్రైవరూ కనీసం మూడు జతల టైర్లు వాడాలన్నారు. అంటే రెండుసార్లు ఆగక తప్పదు. జట్లు దానికీ మందు కనిపెట్టాయి. ఒక కారును కావాలనే నెమ్మదిగా నడిపించి, వెనకున్నవారందరినీ నిలువరించి, ముందున్న తమ రెండో కారు ఆగి తిరిగి వచ్చేంత వ్యవధి సంపాదించాయి. చట్టం చేసిన మర్నాడే అందులో సందు వెతికే విద్య భారత రాజకీయాల సొంత ఆస్తి ఏమీ కాదన్నమాట.

నిజానికి వీధి పెద్దగా మారలేదు. మారింది కారు. 2009లో డ్రైవరుతో కలిపి 605 కిలోలున్న కనీస బరువు 2024 నాటికి 798 కిలోలైంది. 2017లో వెడల్పు 1.8 మీటర్ల నుంచి 2 మీటర్లకు పెరిగింది. పొడవు ఐదు మీటర్లు దాటింది. 3.337 కిలోమీటర్ల ఆ దారిలో పక్కపక్కన రెండు కార్లు పట్టే మలుపులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇల్లు పట్టని మంచం కొని తెచ్చి, గుమ్మం ఇరుకని వడ్రంగిని పిలిచినట్టుంది వ్యవహారం. 2026 నిబంధనలు కారు వెడల్పును 10 సెంటీమీటర్లు, చక్రాల మధ్య దూరాన్ని 20 సెంటీమీటర్లు తగ్గించాయి. తప్పు ఎక్కడుందో నియమకర్తలకు తెలియదనుకోవడానికి వీల్లేదు.

అందువల్ల ఆటపరంగా మొనాకోను తోసిపుచ్చడం తొందరపాటు. ఆదివారం పోటీ నీరసంగా ఉండవచ్చు. శనివారం జరిగే అర్హత పరీక్షకు సాటి వచ్చేది మాత్రం తక్కువ. గోడకు వేలెడు దూరంలో కారును మలుపు తిప్పడం విశాలమైన కొత్త ట్రాకుల మీద కానరాని విద్య. అక్కడ తప్పు చేసినవాడు పక్కనున్న తారునేల మీదికి జారి మళ్లీ వస్తాడు. ఇక్కడ తప్పుకు గోడే సమాధానం. ఐర్టన్ సెన్నా ఆరుసార్లు గెలిచిన ఊరిని కొలిచేటప్పుడు ఒకరినొకరు దాటిన సంఖ్య ఒక్కటే కొలబద్ద కాలేదు.

వీధి పందేన్ని నిజంగా ఓడించినది విసుగు కాదు, మరణం. బార్సిలోనాలోని మొంజుయిక్ కొండ దారుల్లో 1975లో జరిగిన పోటీకి ముందే, రక్షణ కంచెలు సరిగా బిగించలేదని డ్రైవర్లు తిరగబడ్డారు. ప్రపంచ విజేత ఎమర్సన్ ఫిట్టిపాల్డి నిరసనగా తప్పుకున్నాడు. అయినా పోటీ నడిపించారు. రోల్ఫ్ స్టొమ్మెలెన్ కారు వెనకరెక్క విరిగి, బండి కంచె దాటి జనం మీద పడింది. పలువురు చనిపోయారు. ఫార్ములా వన్ మళ్లీ ఆ కొండెక్కలేదు.

మొనాకో పందెం పుట్టుకలోనే రాజకీయం ఉంది. అక్కడి ఆటోమొబైల్ క్లబ్ తనను జాతీయ సంఘంగా గుర్తించమని అంతర్జాతీయ సమాఖ్యను కోరితే, మీ సరిహద్దుల లోపలే జరిగే పెద్ద పోటీ ఒక్కటీ లేదు కదా అన్న కారణంతో తిరస్కరించారు. పట్టుమని పది మైళ్ల దారి లేని రాజ్యం ఏం చేస్తుంది? తన వీధులనే పందెపు బాటగా మార్చింది. 1929 ఏప్రిల్‌లో తొలి పోటీ జరిగింది. మేమూ ఒక దేశమేనని చెప్పుకోవడానికి వాడిన పత్రం ఆ వీధి. మకావులో 1954లో పోర్చుగీసు పాలన కింద మొదలైన వీధి పందెం 1999లో జెండా మారినా ఆగలేదు. పాలకులు ఎవరైనా ఊరిని లోకానికి చూపే అద్దం ఒకటి కావాలి.

వీధి వద్దంటే ప్రత్యేక ట్రాకు కట్టాలి. భారతదేశం ఆ దారీ చూసింది. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ 2011లో తెరుచుకుంది. ఆ ట్రాకు కట్టిన సంస్థే నిర్మించిన యమునా ఎక్స్‌ప్రెస్‌వే కోసం జరిగిన భూసేకరణ మీద, అదే ఏడాది మే నెలలో, భట్టా పర్సౌల్‌లో రైతులు, పోలీసులు ప్రాణాలు కోల్పోయారు. ఇక ట్రాకు మీద ఫార్ములా వన్ నడిచింది మూడే ఏళ్లు. పందెం క్రీడా, వినోదమా అన్న పన్ను తగాదాతో అది 2013 తర్వాత తిరిగి రాలేదు. తీసుకున్న భూమి పొలంగా మారదు. వీధికి ఉన్న గొప్ప సుగుణం అదే: సోమవారానికి అది తిరిగి వీధి అవుతుంది.

అయితే ఆ మూడు రోజులకు దాన్ని ఇచ్చేది ఎవరు? హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సుమారు 2.8 కిలోమీటర్ల బాటలో ఫార్ములా ఈ పోటీ జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. సచివాలయం పక్కనుంచి విద్యుత్ కార్లు దూసుకెళ్లిన దృశ్యం నిస్సందేహంగా అందమైనదే. ఎన్‌టీఆర్ మార్గ్ మూసేసిన రోజుల్లో చుట్టుపక్కల ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవారి దృశ్యం ఏ ప్రసారంలోనూ రాలేదు. రెండో పోటీకి ఒప్పందం 2023 అక్టోబరు 30న, ఎన్నికల నియమావళి అమలులో ఉండగా కుదిరింది. డిసెంబరులో ప్రభుత్వం మారింది, జనవరిలో పోటీ రద్దయింది. విదేశీ సంస్థకు దాదాపు రూ.55 కోట్లు అనుమతులు లేకుండా చెల్లించారన్న ఆరోపణతో 2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ మాజీ మంత్రి కేటీఆర్ మీద కేసు పెట్టింది. ఆయన ఆరోపణలను ఖండించారు. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానం. చెన్నైలో 2024 ఆగస్టు చివర ఐలండ్ గ్రౌండ్స్ చుట్టూ జరిగిన రాత్రి పందెం కూడా హైకోర్టు గడప తొక్కకుండా సాగలేదు.

డబ్బున్న చోట పౌరుడికి మన్నన ఎక్కువనుకోనక్కరలేదు. లాస్ వేగాస్‌లో 2023 నవంబరు పోటీకి ఫార్ములా వన్ యాజమాన్యమే నిర్వాహకురాలు. తొలి సాధన మొదలైన కొద్ది నిమిషాలకే రోడ్డు మీది నీటి వాల్వు మూత లేచి ఫెరారీ కారు అడుగును చీల్చింది. రెండో సాధన తెల్లవారుజామున రెండున్నరకు మొదలైంది. టికెట్లు కొన్న జనాన్ని అప్పటికే స్టాండ్ల నుంచి పంపించేశారు.

మొనాకోలో పోటీల వారంలోనూ సాయంత్రమయ్యేసరికి దారులు తెరుస్తారు. పగలు పందెపు కారు తిరిగిన మలుపులోనే రాత్రికి కూరగాయల బండి తిరుగుతుంది. దాదాపు వందేళ్లుగా కుదిరిన ఇచ్చిపుచ్చుకోవడం అది. ఆ వీధికి పందెంలో చోటుందా అని అడిగేవారు ముందు ఆ పొత్తును చూడాలి. హైదరాబాద్ ఒప్పందంలో సంతకాలు ఎన్ని ఉన్నా, ఆ దారిన రోజూ బస్సెక్కేవారి మాట వినిపించే వేదిక ఒప్పందం కుదిరినప్పుడూ లేదు, తెగినప్పుడూ లేదు.