ఎత్తు తీగల గిటారు

వీణలకు పేరుపొందిన బొబ్బిలి పరిసరాలలో ముప్పదియేండ్లు తెలుగు పండితుడిగా పనిచేసినవాడిని. గొల్లపల్లిలో పనసకర్ర దుంగను తొలిచి ఏకాండి వీణ మలిచే శిల్పుల ముంగిట పిల్లలను కూర్చుండబెట్టి పాఠం చెప్పిన రోజులున్నాయి. అటువంటి నాకు మొన్న వేసవిలో మా మనుమరాలు గిటారు కొనిపెట్టే పని అప్పగించింది. పదేండ్ల పిల్ల. నాన్నను అడగవమ్మా అంటే, "నాన్న వద్దంటాడు తాతయ్యా" అని నేలచూపులు చూసింది. ఎందుకు వద్దంటాడో నాకు తెలుసు. తెలిసీ తెలియనట్లు ఊరుకున్నాను.

విశాఖపట్నంలో ఒక వాద్యాల దుకాణానికి వెళ్ళాము. ఎర్రనిది, నల్లనిది, నక్షత్రాలు చెక్కినది అంటూ పిల్ల కన్నులు గోడమీద పరుగెత్తుతున్నవి. దుకాణంలోని కుర్రవాడు మాత్రం రంగు సంగతి ఎత్తలేదు. "చెయ్యి చూపించమ్మా" అన్నాడు. అరచేయి చూసి, పెద్దవారి గిటారు పక్కన పెట్టి, దానికి ముప్పాతిక పరిమాణంలో ఉన్నది తెచ్చి ఒడిలో పెట్టాడు. కుడిచేయి గిటారు పొట్టమీదుగా వేస్తే భుజం పైకి లేవకూడదట. ఎడమచేయి మొదటి మెట్టును సులువుగా అందుకోవాలట.

ఉక్కుతీగలా, నైలాను తీగలా అన్నది తరువాతి మీమాంస. ఉక్కుతీగలు ఆరింటి బిగువు కలిసి దరిదాపు డెబ్బది కిలోల బరువుతో సమానమట. నైలానుకు అంతకంటే చాలా తక్కువ, లేతవ్రేళ్ళకు మెత్తన. అయితే నైలాను గిటారు మెడ కొంచెం వెడల్పు. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి. నైలాను కొరకు చేసిన గిటారుకు ఉక్కుతీగలు కడితే మాత్రం గుర్రం ఊడివస్తుందని హెచ్చరించాడు. (బ్రిడ్జిని వీణవారి మాటలో గుర్రం అన్నాను. అతడు నవ్వి, ఆ మాటే బాగుందన్నాడు.)

పిదప అతడు చేసిన పని నన్ను కట్టిపడేసింది. పన్నెండవ మెట్టుపై తీగను వ్రేలితో తాకీ తాకనట్లు తాకి మీటి, సన్నని నాదం పలికించాడు. అక్కడే నొక్కి మళ్ళీ మీటాడు. రెండు స్వరాలూ ఒక్కటైతేనే మెట్ల కొలతలు సరిగా కుదిరినట్లు. వీణమెట్లు మైనంలో నిలిపినవి కనుక, తప్పితే మైనం కరిగించి తిరిగి మేళం కట్టవచ్చు. గిటారు మెట్లు కర్రలో దిగగొట్టినవి. పుట్టుకలో తప్పితే తప్పినట్లే. చివరకు చిన్న ఉక్కుబద్ద తీసి అదే మెట్టుకూ తీగకూ నడుమ ఎడం కొలిచాడు. "మూడు మిల్లీమీటర్లు, మాస్టారూ. ఇంతకుమించితే చిన్నపిల్లలు నొక్కలేరు. వ్రేళ్ళు కోసుకుపోయి మానేస్తారు" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు 1991 గుర్తుకు వచ్చింది.

మావాడు పదవ తరగతి ప్రథమశ్రేణిలో గట్టెక్కితే గిటారు కొంటానని మాట ఇచ్చాను. ఆరువందల యాభై రూపాయలు పెట్టి, దుకాణంలో ఉన్నవాటిలో చవకైనది కొన్నాను. ఇష్టపడి కొన్నది కాదు. ద్వారం వారు వయొలిన్ వాయించిన విజయనగరంలో ఉంటూ, ఆ వయొలిన్ కూడా ఒకనాడు సముద్రం దాటి వచ్చినదేనన్న సంగతి నాకు తోచలేదు. రెండు నెలలకు వాడి ఎడమచేతి వ్రేళ్ళు చిట్లినవి. మొదటి మెట్టుమీద ఆరుతీగలూ ఒక్క చూపుడువ్రేలితో అదిమే పట్టు ఒకటి ఉన్నది, అది ఎంతకీ పలకలేదు. "పట్టుదల లేనివాడికి వాద్యమెందుకు?" అన్నాను, ఇంటికి వచ్చిన నా సహోపాధ్యాయుల ఎదుట. మరునాడు గిటారు అటకెక్కింది. వాడు మళ్ళీ ఏ వాద్యమూ ముట్టలేదు.

పిల్లకు నైలాను గిటారు ఆరువేల అయిదువందలకు కొన్నాము. పై వారం నేనొక్కడినే, అటకమీది పాత గిటారును దుప్పటిలో చుట్టి అదే దుకాణానికి మోసుకుపోయాను. కుర్రవాడు బద్ద పెట్టి చూశాడు. ఆరు మిల్లీమీటర్లు.

"ముప్పదియేండ్లు అటకమీద ఎండకు ఉన్నది కదా, అందువల్ల మెడ వంగి ఉంటుంది" అన్నాను. అతడు కాదనాలని కాదు, అవుననాలని నా ఆశ.

"మెడ వంగడం అటక తప్పే కావచ్చు మాస్టారూ. కానీ ఇది చూడండి" అని, తలదగ్గర తీగలు ఆనే తెల్లని పట్టీ చూపించాడు. నట్టు అంటారట. "గాళ్ళు లోతుగా కొయ్యలేదు. ఇది చేసినప్పటి నుండీ ఇంతే. దీనిమీద ఆ పట్టు నేను కూడా పట్టలేను" అని పట్టబోయి, వదిలేశాడు.

ఆ సాయంత్రం కొడుకు కచేరీ నుండి వచ్చేవరకు వాకిట్లోనే కూర్చున్నాను. గిటారు వాడి చేతికిచ్చి, కుర్రవాడు చెప్పినదంతా చెప్పాను. "తప్పు నీ వ్రేళ్ళది కాదురా" అనడానికి గొంతు సవరించుకోవలసి వచ్చింది. వాడు నట్టుమీద బొటనవ్రేలు ఆనించి చాలాసేపు చూశాడు.

"నేనూ నాదే తప్పనుకున్నాను నాన్నగారూ" అన్నాడు.

లోపల పిల్ల ఒక్కొక్క తీగే మీటుకుంటున్నది. మూడవ తీగ శ్రుతి తప్పినట్లు వాడికే ముందు తెలిసింది. లేవబోయి, ఆగి, "నట్టు మార్చడానికి ఎంత అడిగాడు?" అన్నాడు.

"ఎనిమిది వందలు."

"కొన్నదానికంటే ఎక్కువే" అని నవ్వి లోపలికి వెళ్ళాడు.