మా రాజుగాడి ప్లేట్‌లెట్లు

ప్లేట్‌లెట్లు పడిపోయాయంటే మనకు గుర్తొచ్చేది డెంగీ. మా రాజుగాడిది మాత్రం దోమ కేసు కాదు, పిడుదు కేసు. అబిడ్స్‌లో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అన్న పెంచే కుక్క వాడు. ముక్కులోంచి రక్తం కారుతుంటే స్టాండప్ కాల్ మధ్యలోనే ల్యాప్‌టాప్ మూసేసి, ఆటోలో డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. సుమారు 2 లక్షలు ఉండాల్సినవి 22 వేలే ఉన్నాయి. ఎర్లికియా అన్నారు. పేరు కొత్తే గానీ మందు మనం వాడే డాక్సీసైక్లినే. 28 రోజులు ఆపకుండా వెయ్యాలి.

"మా ఊర్ల ఆవులకు గూడ పిడుదులు పట్టి జరమొస్తుండె సార్, పాలు బందైతుండె" అన్నాడు అన్న. అది థైలేరియా అయ్యుండొచ్చు. దానికి టీకా తయారుచేసేది మన హైదరాబాద్ కంపెనీ ఇండియన్ ఇమ్యునలాజికల్సే. మనుషుల్నీ వదలవివి. 1957లో కర్ణాటకలోని క్యాసనూర్ అడవిలో కోతులు చచ్చిపడుతుంటే ఆరా తీశారు. అలా బయటపడిందే మంకీ ఫీవర్. రాజుగాడి పిడుదులు ఆ రకం కాదులెండి. కానీ అన్న కూతురు వాడి పక్కనే పడుకుంటుంది, నా భయం అదీ.

పైగా ఒక్క ఆడ పిడుదు గోడ పగుళ్లలో వేలల్లో గుడ్లు పెడుతుందట. ప్రొడక్షన్‌లో బగ్ నయం! వేళ్లతో నలపొద్దు, ట్వీజర్‌తో చర్మం దగ్గర పట్టి నిటారుగా లాగాలన్నారు డాక్టర్. ఆ పని నాది, పగుళ్లకు సిమెంట్ పూసే పని అన్నది.

ఇవాళ 19వ రోజు. ప్లేట్‌లెట్లు లక్ష దాటాయి. మాత్రని కీమా ముద్దలో దాచిపెడితే, కీమా తినేసి మాత్ర ఉమ్మేస్తున్నాడు.