నక్షత్రం తప్పా, కెమెరా తప్పా?

ప్రతి ఆదివారం పొద్దున్నే కాఫీ కప్పుతో కూర్చుని తెనాలికి ఫోన్ చెయ్యడం పదిహేనేళ్ళుగా నాకలవాటు. ఇక్కడ డాలస్‌లో ఎనిమిదిన్నర అంటే అక్కడ దీపాలు పెట్టే వేళ. ముందు అమ్మ మాట్లాడుతుంది. ఎవరింట్లో పెళ్ళి, ఎవరికి ఒంట్లో బాగోలేదు, మీరేం వండుకున్నారు.. వగైరా. తర్వాత నాన్న. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. చిన్నప్పుడు ఎండాకాలం డాబా మీద పక్కలేసుకుంటే, అర్ధరాత్రి ఈశాన్యం వైపు వేలు పెట్టి "అదిగోరా, అభిజిత్తు" అని చూపించింది ఆయనే.

అందుకని ఓ ఆదివారం ఆయనకి కెప్లర్ టెలిస్కోపు కథ మొదలుపెట్టాను. 2009లో నాసా పంపింది. అభిజిత్తు ఉండే వైపే, వీణ, హంస మండలాల దగ్గర ఆకాశంలో ఒక ముక్క ఎంచుకుని, సుమారు లక్షన్నర నక్షత్రాల వెలుగుని నాలుగేళ్ళపాటు కొలుస్తూ కూర్చుంది. అరగంటకోసారి. కొన్నింటినైతే నిమిషానికోసారి.

"అందులో ఓ ముసలి నక్షత్రం దొరికింది నాన్నా. కెప్లర్-444. వయసు 1,120 కోట్ల ఏళ్ళని 2015లో తేల్చారు, ఓ వంద కోట్లు అటూ ఇటూగా. మన సూర్యుడికి 460 కోట్లే."

"వెలుగు చూసి వయసెలా చెప్తార్రా? జాతకమా?"

నాకు కావలసింది అదే. నక్షత్రం పైపొరల్లో వాయువు, ఎసట్లో అన్నంలా కుతకుతలాడుతూ ఉంటుంది. ఆ అలజడికి నక్షత్రమంతా గంటలా మోగుతుంది. ఆ మోత మనకి వినపడదు గానీ, వెలుగులో వణుకుగా కనిపిస్తుంది. వణుకంటే ఎంత? పది లక్షల్లో కొన్ని వంతులు! సూర్యుడి లాంటి వాటికి ఐదు నిమిషాలకోసారి, బాగా ఉబ్బిన ఎర్ర నక్షత్రాలకి గంటలూ, రోజులూ. పూజగంటకీ గుడిగంటకీ ఉన్న తేడానే. ఆ లయకి పైభాగం వేడి కూడా కలిపి సైజూ, బరువూ లెక్క కడతారు. లోపల హైడ్రోజన్ తరిగి హీలియం పెరిగే కొద్దీ కేంద్రంలో ధ్వని వేగం మారుతుంది, స్వరాల మధ్య దూరాలూ మారతాయి. వయసు అక్కడ దొరుకుతుంది.

ఆయన కాసేపాగి, "బానే ఉంది. వణికేది నక్షత్రమో, నీ కెమెరానో ఎలా తెలుసు?" అన్నారు. మాస్టారు మాస్టారే!

పక్క నక్షత్రాల్ని చూస్తారు. అన్నీ ఒకేసారి వంగితే తప్పు కెమెరాది. చుట్టుపక్కలవి నిలకడగా ఉండి ఒక్కటే కదిలితే అది ఆ నక్షత్రం సంగతి. మా ఆఫీసులోనూ ఇంతే. అన్ని సర్వర్లూ నెమ్మదిస్తే నెట్‌వర్కుని తిడతాం, ఒక్కటే నెమ్మదిస్తే దాన్ని విప్పి చూస్తాం.

సంక్రాంతికి వస్తానని చెప్పి, ప్రాజెక్టు గొడవల్లో పడి వెళ్ళలేదు. ఆ తర్వాత నాన్న మాటలు తగ్గాయి. నేనేదన్నా అడిగితే రెండు క్షణాలాగి "ఊ" అనేవారు. లైను సరిగ్గా లేదనుకున్నాను. ఇంకోవారం కోపమొచ్చిందేమో అనుకున్నాను. గయా టెలిస్కోపు గురించి చెప్తే, "గయ ప్రయాణం ఇప్పుడెందుకురా" అన్నారు. జోకనుకుని నవ్వాను కూడా.

ఓ ఆదివారం ఫోన్ పెట్టేశాక, అప్పుడు వెలిగింది. అదే ఫోను, అదే లైను. అమ్మ టకటకా జవాబు చెప్తోంది. ఆగేది ఆయనొక్కరే.

వెంటనే మళ్ళీ చేసి అమ్మని నిలదీశాను. "ఏమోరా, ఈమధ్య టీవీ సౌండు బాగా పెంచుతున్నారు. నువ్వంత దూరంలో ఉండి కంగారు పడతావని.." అంది. చెల్లెలు గుంటూరు తీసుకెళ్ళి చెవుల పరీక్ష చేయించింది. రిపోర్టు వాట్సాప్‌లో పంపింది. ఎడమవైపు బాగానే ఉండి, కుడివైపుకి వెళ్ళేకొద్దీ కిందికి జారిపోయే గీత. వయసు మీద పడితే సన్నటి శబ్దాలు ముందు పోతాయట. 'స'లూ 'త'లూ జారిపోతాయి, మాట వినపడుతుంది గానీ ఏం మాటో తెలీదు. ఫోన్లో అయితే మొహం చూసి పోల్చుకునే వీలూ లేదు.

ఎక్కడో వంద కాంతి సంవత్సరాల అవతలి నక్షత్రం వణుకు గురించి నేను లెక్చరిస్తుంటే, అవతల ఆయన అందులో సగం ఊహించుకుంటూ "ఊ" కొడుతూ కూర్చున్నారన్నమాట. ఆయన కోపగించుకున్నారని నేను కొన్ని వారాలు అలిగాను కూడా. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది.

మెషీను పెట్టించుకోడానికి రెండు నెలలు మొరాయించారు. మొన్న ఆదివారం మొదటిసారి అది పెట్టుకుని మాట్లాడారు.

"ఒరేయ్, ఆ గయా ఏదో చెప్పావే, మళ్ళీ మొదట్నుంచీ చెప్పు. అప్పుడేం వినపళ్ళేదు."

చెప్పాను. 2013లో వెళ్ళి 2025 జనవరి దాకా పనిచేసిందనీ, దాదాపు 150 కోట్ల నక్షత్రాల దూరాలు కొలిచిందనీ. దూరం తెలీకపోతే దగ్గరున్న గుడ్డిదీపమేదో, దూరాన ఉన్న పెద్ద దీపమేదో తేల్చలేమనీ. ఇంకో ప్రశ్న వేశారు. జవాబు నాకు తెలీదు. వచ్చే ఆదివారం లోపు చదవాలి.