ఒంటెను మోకాళ్ల మీద నడిపించకండి

మన ప్రసంగ వేదికల మీద ఒక కథ ఎన్నేళ్లయినా చావడం లేదు. యెరూషలేము ప్రాకారంలో సూది బెజ్జం అనే చిన్న ద్వారం ఉండేదట. రాత్రి పెద్ద గుమ్మాలు మూశాక ఒంటె మూటలు దించుకుని, మోకాళ్ల మీద అందులోంచి దూరేదట. ధనవంతుడూ అలాగే తగ్గించుకుంటే పరలోక రాజ్యంలో ప్రవేశిస్తాడట. వినడానికి భక్తిగానే ఉంటుంది. కానీ యేసు కాలపు రాతల్లో ఎక్కడా అలాంటి ద్వారం లేదు. ఈ కథ ఎన్నో వందల ఏళ్ల తరువాత వ్యాఖ్యాతల చేతుల్లో పుట్టింది. చరిత్ర తప్పితే సరిదిద్దుకోవచ్చు. ధనవంతుడు పరలోక రాజ్యంలో ప్రవేశించడం కన్నా సూది బెజ్జంలో ఒంటె దూరడం సులభమన్న యేసు మాటలోని నవ్వును లాగేసుకున్నారే, అదే నాకు మింగుడు పడదు. యూదు బోధకులకు ఇలాంటి అతిశయోక్తి అలవాటే. బబులోను తల్మూదులో అసాధ్యాన్ని చెప్పాల్సి వచ్చినప్పుడు సూది బెజ్జంలోకి ఏకంగా ఏనుగునే పంపారు. యేసు ముందున్న జనానికి రోజూ కనిపించే పెద్ద జంతువు ఒంటె. దాన్నీ సూది బెజ్జాన్నీ ఒకే వాక్యంలో పెడితే వినేవాళ్ల పెదవి కదలకుండా ఉంటుందా?

పైగా ఆ ద్వారాన్ని నమ్మితే మత్తయి 19వ అధ్యాయంలో తరువాతి మాటలకు అర్థమే పోతుంది. శిష్యులు నిర్ఘాంతపోయి, అలాగైతే ఇక రక్షణ పొందేదెవరని అడిగారు. మూటలు దించి వంగితే అయిపోయే పనికి అంత విస్మయమెందుకు? ఇది మనుషుల వల్ల కాదు, దేవుని వల్ల అవుతుందని యేసు జవాబిచ్చాడు. చిన్న ద్వారమే అయితే మనుషుల వల్లే అవుతుంది, కాస్త ఒళ్లు వంచితే చాలు. హాస్యాన్ని సర్దబోయి కృపనే కొట్టేశామన్నమాట. కంట్లో దూలం పెట్టుకుని పక్కవాడి నలుసు తీయబోయే మనిషినీ, దోమను వడగట్టి ఒంటెను మింగే పరిసయ్యుణ్నీ కూడా చావు కబురు చెప్పే గొంతుతోనే చదువుతున్నాం.

యేసు ఏడ్చాడని ఉంది గాని నవ్వాడని ఎక్కడుంది అంటారు. నాలుగో శతాబ్దంలో క్రిసోస్తము అంతటి ప్రసంగీకుడే అన్న మాట ఇది. అయితే చమత్కారంగా మాట్లాడేవాడు తన మాటకు తానే నవ్వాలని లేదు. ఆయన్ను తిండిబోతు, తాగుబోతు అని నిందించారని మత్తయే రాశాడు. విందుల్లో ముఖం ముడుచుకుని కూర్చునేవాడి మీద ఎవరూ అలాంటి నింద వేయరు.

పౌలు అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయంలో బూతులతో పాటు సరసోక్తులు కూడా వద్దన్నాడు. ఆ మాటకు ముందూ వెనకా ఉన్నవి జారత్వం, అపవిత్రత, లోభం. ఆయన ఆపమన్నది ఆ బురదలో పుట్టే మాటల్ని. కొలస్సీ పత్రికలో మన సంభాషణకు ఉప్పు ఉండాలన్నదీ ఈ పౌలే. హద్దు లేదనడం లేదు. పొరుగువాణ్ని మోసం చేసి, నవ్వులాటకు చేశాననేవాడు అగ్గి కొరవులు విసిరే వెర్రివాడితో సమానమని సామెతల గ్రంథం 26వ అధ్యాయం చెబుతుంది. కర్మెలు కొండ మీద ఏలీయా ఒంటరిగా నిలబడి 450 మంది బయలు ప్రవక్తలను ఎగతాళి చేశాడు. రోమా సైనికులు గుంపుగా చేరి, చిక్కిన ఒక మనిషికి ముళ్ల కిరీటం పెట్టి, మోకరించి మరీ నవ్వారు. ఈ రెండు నవ్వులూ ఒకటి కావు. వేదిక మీద మైకు పట్టుకుని భార్యల మీద, ఆడవాళ్ల తెలివి మీద జోకులు వేసే ప్రసంగీకుల నవ్వు రెండోదానికి దగ్గర. కింద కూర్చున్న ఆమెకు ఆ మైకు ఎవరూ ఇవ్వరు.

ప్రసంగీకుడికి హాస్యం కావాలంటే అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం ఉంది. త్రోయలో పౌలు నడిరాత్రి దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. కిటికీలో కూర్చున్న ఐతుకు అనే కుర్రాడు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. పౌలు దిగివెళ్లి కౌగిలించుకున్నాడు, కుర్రాడు బతికాడు. అంత పెద్ద అపొస్తలుడి ప్రసంగంలో ఒకడు నిద్రపోయాడని రాయడానికి లూకా సంకోచించలేదు. ఆ తరువాత పౌలు మళ్లీ మేడ ఎక్కి తెల్లవారేదాకా మాట్లాడాడని కూడా దాచకుండా రాశాడు.