నాన్న, నేను, 16,384 ట్యాపులు

ఎడ్మండ్‌సన్ పార్క్‌లో మా ఇంటి గరాజ్‌లో కారుండదు, నా స్పీకర్లుంటాయి. కారు పాపం ఎండలో ఉంటుంది. మా ఆవిడ ఈ సంగతి వారానికోసారి గుర్తు చేస్తూనే ఉంటుంది :)

అవి నేను చేసుకున్న త్రీ-వే స్పీకర్లు. ఒక్కో డబ్బాలో వూఫర్, మిడ్, ట్వీటర్. పాటని మూడు వాటాలు వేసి ఎవరిది వాళ్ళకి పంచేది క్రాసోవర్. ఆ పని కాయిల్సూ కెపాసిటర్లతో కాకుండా కంప్యూటర్లోనే చెయ్యాలని నా పంతం. ప్రోగ్రాములు రాసుకుని బతికేవాడికి ఆ మాత్రం పొగరుండదూ?

దారులు రెండు. మొదటిది ఐఐఆర్. లింక్‌విట్జ్-రైలీ పద్ధతిలో నాలుగో ఆర్డరు ఫిల్టర్లకి, సెకనుకి 48,000 శాంపిల్స్ చొప్పున, రెండు స్పీకర్లకీ కలిపి 40 లక్షల గుణకారాలు కూడా పట్టవు. కానీ ఫేజ్ మెలికలు తిరుగుతుంది. రెండోది లీనియర్ ఫేజ్ ఎఫ్ఐఆర్. ఫేజ్ చెక్కుచెదరదు. కాకపోతే బేస్ దగ్గర సన్నగా కొయ్యాలంటే బోలెడు ట్యాపులు కావాలి. 48,000ని ట్యాపుల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే దాని చూపు. 3 హెర్ట్జ్‌ల తేడా కనబడాలంటే 16,384 ట్యాపులు. ఆరు డ్రైవర్లకి నేరుగా లెక్క కడితే సెకనుకి సుమారు 470 కోట్ల గుణకారాలు! నా పాత ల్యాప్‌టాప్ ఆయాసపడింది, పాట తెగిపోయింది.

చివరికి ఎఫ్ఎఫ్‌టీ ఆదుకుంది. 1965లో కూలీ, టూకీ ప్రచురించిన పద్ధతి. శాంపిల్సుని ముక్కలు ముక్కలుగా తీసుకుని ఎఫ్ఎఫ్‌టీతో గుణిస్తే లెక్క ఎన్నో రెట్లు తగ్గిపోయింది. గెలిచాననుకున్నాను.

అప్పటికి నాన్న వచ్చి రెండు నెలలైంది. ఆయన ఊళ్ళో ముప్ఫయ్యేళ్ళు మైక్ సెట్ నడిపిన మనిషి. పెళ్ళిళ్ళకీ జాతరలకీ కొబ్బరిచెట్లకి హారన్లు కట్టినాయన. గర్వంగా కూర్చోబెట్టి టీవీలో పాత సినిమా పెట్టాను. పది నిమిషాలు విని, "బాగుందిరా. కానీ పందిరి చివర నిలబడి వింటున్నట్టుంది," అన్నారు.

నాకు నవ్వొచ్చింది. తర్వాత లెక్కేశాను. లీనియర్ ఫేజ్ ఫిల్టరు తన పొడవులో సగం ఆలస్యం చేస్తుంది. 8,192 శాంపిల్స్, అంటే 170 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో శబ్దం గాలిలో సుమారు 58 మీటర్లు వెళుతుంది. సరిగ్గా పందిరి చివరే! ఎంత పెద్ద ప్రాసెసర్ కొన్నా ఈ ఆలస్యం తగ్గదు. మా టీవీకి బొమ్మని ఆపే సదుపాయమూ లేదు.

ఆయనకి మొదటిరోజే వినిపించి ఉంటే? రెండు నెలల రాత్రులు నేను గరాజ్‌లో, ఆయన హాల్లో ఒంటరిగా గడిపాం. డెబ్భై దాటిన మనిషి మళ్ళీ ఇంత దూరం వస్తారో రారో.

మిగిలిన నెల గరాజ్ తలుపు తియ్యలేదు. సినిమాలకి ఐఐఆరే పెట్టాను. ఇద్దరం కలిసి చాలానే చూశాం. ఆయన వెళ్ళిపోయాక కూడా ఆ సెట్టింగు తీసెయ్యలేదు. దాని పేరు 'నాన్న'.

కారు మాత్రం ఇంకా ఎండలోనే ఉంది :)